ఎడమచేతి లాంతరు

ఫిబ్రవరి చివర్లో హనోయ్‌లో గోడలకు చెమట పడుతుంది. అది వానా కాదు, మంచూ కాదు. గాలే తడిసిపోతుంది. గచ్చు మీద కాలు పెడితే జారుతుంది. ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరవు, పైగా ముక్కవాసన వేస్తాయి. ఊరు ఊరంతా ఈ కాలాన్ని తిట్టుకుంటుంది, లక్కపని చేసేవాళ్ళు తప్ప. లక్కచెట్టు పాలు అదో తిక్క సరుకు. ఎండలో పెడితే ఆరదు. తడిగాలి తగిలితే మాత్రం ఒక్క రోజులో గట్టిపడి రాయి అవుతుంది. అందుకే ఉయెన్ ఈ కాలం కోసం నెలల తరబడి ఎదురుచూసింది.

వాళ్ళది సన్నటి సందులో, ముందుకు మూడు బారలూ పైకి నాలుగు అంతస్తులూ ఉన్న ఇల్లు. కింద అత్తగారు బియ్యపు జావ అమ్ముతుంది. మూడో అంతస్తు ఉయెన్ పనిగది. భర్త ఖోయ్ సరుకు ఓడ మీద వంటవాడు. ఆరు నెలలకోసారి ఇంటికొచ్చి, అందరికీ ఉప్పెక్కువైన కూరలు వండిపెట్టి, మళ్ళీ వెళ్ళిపోతాడు.

పొట్లాల మీద బొమ్మలు గీయటం ఉయెన్ బతుకుతెరువు. బిస్కెట్ పొట్లం మీద నవ్వే పాపాయి, నూడుల్స్ పొట్లం మీద పొగలు కక్కే గిన్నె, పండగ మిఠాయి డబ్బా మీద చందమామ. అన్నీ ట్యాబ్ మీదే గీస్తుంది. పాపాయి బుగ్గలు ఇంకాస్త ఎర్రగా కావాలంటారు కంపెనీవాళ్ళు, చేస్తుంది. మరీ ఎర్రబడ్డాయంటారు, తగ్గిస్తుంది. పదిహేనేళ్ళుగా ఎవరి పిల్లలో తెలియని పిల్లలను నవ్విస్తూ వచ్చిన చెయ్యి అది. తనకోసం తాను చేసుకునే పని ఒక్కటే ఉంది. గది మూలన, గోడవైపు తిప్పి ఆనించిన లక్క పలక. దాన్ని ఎవరికీ చూపించదు.

ఈ ఊళ్ళో పసిపిల్లలను అసలు పేరుతో పిలవరు. ముద్దుపేరు ఎంత నాసిగా ఉంటే పిల్లకు అంత మంచిది. చక్కటి పేరు చెవిన పడితే ఎత్తుకుపోయేవి చుట్టూ బోలెడు తిరుగుతుంటాయట, నత్తనో రొయ్యనో ఎవరు ఎత్తుకుపోతారని ధీమా. ఉయెన్ పెద్దకూతురు నత్త. చిన్నది రొయ్య. నత్తను మాత్రం ఆ పేరు కాపాడలేదు. ఆరేళ్ళప్పుడు వెన్నెల పండగ నాడు నక్షత్రం లాంతరు పట్టుకుని సందంతా తిరిగొచ్చింది. ఆ రాత్రే జ్వరం తగిలింది, నాలుగో రోజుకు పోయింది. మరుసటి ఏడు రొయ్య పుట్టింది. ఇప్పుడు దానికీ ఆరేళ్ళే. అదే మొహం, అవే పలచటి కనుబొమలు. ఇద్దరికీ తేడా ఒక్కటే. నత్తది ఎడమచేతి వాటం. అత్తగారు చెంచా లాక్కుని కుడిచేతిలో పెట్టేది, మళ్ళీ తిరిగి చూసేసరికి ఎడమచేతిలోనే ఉండేది.

నత్త పోయిన నెలకే ఉయెన్ ఆ పలక మొదలుపెట్టింది. బాతుగుడ్ల పెంకులు గోటితో చిదిమి, ముక్క ముక్క అతికించి, తెల్లటి మొహం చేసింది. ఎడమచేతిలో లాంతరు పెట్టింది. తర్వాత పద్ధతి ప్రకారం బొమ్మ మీద మూడుసార్లు నల్ల లక్క పూసి మూసేసింది. లక్కబొమ్మ అంటే అంతే. ముందు గీయాలి, గీసినదాన్ని పూర్తిగా కప్పెట్టాలి, ఆరాక నీళ్ళు పోస్తూ గరుకు కాగితంతో రుద్దాలి. రుద్దగా రుద్దగా బొమ్మ పైకి తేలుతుంది. కానీ అక్కడికొచ్చేసరికి ఉయెన్‌కు చెయ్యి ఆడలేదు. కూతురి మొహాన్ని తడిపి రుద్దటానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? పలక ఏడేళ్ళు నల్లగా అలాగే ఉండిపోయింది.

కిందటి శరదృతువులో రొయ్య అదే లాంతరు పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఉయెన్‌కు గుండె జల్లుమంది. వెంటనే ట్యాబ్ తీసి దాని బొమ్మ గీసింది. కుడిచేతిలో లాంతరు. మనం గీసిన బొమ్మలో వంకర మన కంటికి కనపడదు కాబట్టి, ట్యాబ్ మీద గీసేవాళ్ళంతా ఒక మీట నొక్కి, బొమ్మను అద్దంలో చూసినట్టు అటుదిటు తిప్పి సరిచూసుకుంటారు. చూశాక మళ్ళీ నొక్కి యథాస్థానంలో పెట్టెయ్యాలి. ఉయెన్ తిప్పి చూస్తుండగానే బిస్కెట్ కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. బుగ్గల గురించే. అరగంట పోట్లాడి, ఆ చిరాకులోనే గీతల వరకు అచ్చు తీయించి, కాగితం వెనక సుద్ద రుద్ది, పలక మీదకు దించింది.

ఏ పలక మీదకని అడగండి. కొత్త పలక తెచ్చుకోవచ్చు. తెచ్చుకోలేదు. నత్త ఉన్న పలక మీదే, నత్తను మూసిన నలుపు మీదే రొయ్యను గీసింది. అక్కా చెల్లెలూ ఒకరినొకరు చూసుకోనైనా లేదు, ఒకే పలక మీద ఉంటే తప్పేమిటి అనుకుంది. పెంకులు అతికించింది, పైన మూడుసార్లు నలుపు పూసింది, తడి కాలం కోసం ఆగింది.

ఫిబ్రవరి చివర ఒక సోమవారం మధ్యాహ్నం రొయ్య బడికి వెళ్ళాక ఉయెన్ పలకను బల్ల మీద పడుకోబెట్టి, పక్కన నీళ్ళ బేసిను పెట్టుకుని రుద్దటం మొదలుపెట్టింది. స్ర్ర్... స్ర్ర్... నల్లటి బురద కారుతోంది. పుల్లటి లక్కవాసన గదంతా నిండింది. గంట తర్వాత నలుపులోంచి ఒక ఎర్రటి మొన తేలింది. లాంతరు మొన. తర్వాత దాన్ని పట్టుకున్న తెల్లటి వేళ్ళు.

ఉయెన్ చెయ్యి ఆగిపోయింది.

లాంతరు ఎడమచేతిలో ఉంది.

గరుకు కాగితం లోతుకు దిగిపోయిందనుకుంది. చెయ్యి బరువైతే అలా జరుగుతుంది, పై బొమ్మ అరిగిపోయి కింది పొర బయటపడుతుంది. లక్కపనిలో అది పెద్ద తప్పు, అక్కడితో ఆపెయ్యాలి. కానీ ఏడేళ్ళ తర్వాత నత్త చెయ్యి. ఉయెన్ ఏడ్చింది, ఏడుస్తూనే ఇంకాస్త రుద్దింది.

సాయంత్రం బడి నుంచి వచ్చిన రొయ్య మెట్ల మీదే కూలబడింది.

"ఏమైందే?"

"కాళ్ళు పలచగా ఉన్నాయమ్మా."

"కాళ్ళు పలచగా ఉండటమేంటే పిచ్చిదానా" అని అత్తగారు ఎత్తుకుని, నుదురు చూసింది. జ్వరం లేదు. పైగా చల్లగా ఉంది. "బడిలో ఏ గడ్డీ గాదరో తినుంటుంది. నోరు కట్టుకుంటేగా ఇది. అల్లం వేసి జావ పోస్తాను, రేపటికి దుమికి ఆడుతుంది."

మర్నాడు దుమకలేదు. లేవనేలేదు. ఉయెన్ పక్కలో కూర్చుని జావ తాగించింది, పాట పాడింది, పిల్ల కునుకు తీయగానే పైకి వెళ్ళింది. ఇంకొక్క గంట, మొహం వరకూ వస్తే చాలు అనుకుంది. మంగళవారం ఒక గంట, బుధవారం మూడు గంటలు రుద్దింది. మెడ తేలింది, గడ్డం తేలింది, మొహం కళ్ళదాకా తేలింది. తను పైన రుద్దిన కొద్దీ కింద పిల్ల నీరసిస్తోందని ఆమెకు బుధవారం నాటికే అనుమానం వచ్చింది. వచ్చినా రుద్దింది. ఈ సంగతి తర్వాత ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

గురువారం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రక్తం బాగానే ఉందన్నారు, ఊపిరి బాగానే ఉందన్నారు, పళ్ళరసాలు తాగించమన్నారు. తిరిగొచ్చి పిల్లకు ఒళ్ళు తుడుస్తుంటే తడిగుడ్డకు బూడిదరంగు మురికి అంటింది. మళ్ళీ తుడిచింది. మళ్ళీ అంటింది. ఉయెన్ పిల్ల చెయ్యి తిప్పి చూసింది. అరచేతిలో గీతలు లేవు. వేలికొనల మీద చుట్లు లేవు. ఎవరో కూర్చుని ఓపిగ్గా నున్నగా రుద్దినట్టుంది.

"అమ్మా," అంది రొయ్య, గుసగుసగా. "పైన రుద్దకు... నాకు వినపడుతోంది."

ఉయెన్ వెంటనే లేచి లువాన్ మాస్టారికి ఫోన్ చేసింది.

లువాన్ ఆమెకు లక్కపని నేర్పిన ముసలాయన. ఊరవతల లక్కపల్లెలో ఉంటాడు, కళ్ళలో శుక్లాలు, నోట్లో వెటకారం. ఎవరి బండి వెనకో కూర్చుని, తుంపర్లో తడుస్తూ గంటలో వచ్చాడు.

"ఏమ్మా, బిస్కెట్ల పిల్లా. నీ లక్క ఆరలేదా, ఏడుపు ఆరలేదా?"

ఉయెన్ ఆయనను పిల్ల దగ్గరకు తీసుకెళ్ళింది. ఆయన మంచం దగ్గర వంగి, రొయ్య చెయ్యి పట్టుకుని, వేలికొనలను తన బొటనవేలితో తడిమాడు. ఆయన మొహంలో వెటకారం పోయింది.

"పలక కొత్తదేనా?"

"కాదు మాస్టారూ."

"కింద ఎవరున్నారు?"

"పెద్దది."

ముసలాయన పిల్ల చెయ్యిని మెల్లగా దుప్పటి మీద పెట్టాడు. కింద జావ కుండ మీద మూత కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"పాత పలక వాడాలంటే చెక్క బయటపడేదాకా గీకి వాడాలని నేర్పానా లేదా? పోయినవాళ్ళ మీద బతికున్నవాళ్ళను గీస్తావుటే, తెలివితక్కువదానా. మీద బరువు పడితే కిందున్నవాళ్ళు పైకి రావాలని చూడరూ?"

"ఇప్పుడేం చెయ్యను? ఏదన్నా చెప్పండి, చేస్తాను. నా చేతులు నరుక్కోమన్నా నరుక్కుంటాను."

"నీ చేతులెవరిక్కావాలి. నల్ల లక్క కలిపి మూసెయ్. ఒక్కటే పూత, సందు లేకుండా, చీకటి పడకముందే. కానీ విను." ఆయన గొంతు తగ్గించాడు. "పూసేటప్పుడు పలక మీద ఎవరు కనపడుతుంటే వాళ్ళు లోపలికి పోతారు. రెండోవాళ్ళు బయట ఉంటారు. పూత పడ్డాక మళ్ళీ మార్చలేవు. అందుకని ముందు సరిగ్గా చూసుకో."

"మీరు కూడా పైకొచ్చి చూడండి మాస్టారూ."

"నా కళ్ళకు నీ మొహమే ఆనదు. ఎవరిని గీశావో గీసిన చేతికే తెలియాలి." ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "వాళ్ళిద్దరికీ తేడా ఉందా?"

"ఉంది. చేతివాటం."

"అయితే అది చూసుకో" అని వెళ్ళిపోయాడు.

పైన పలక మీద మొహం కళ్ళదాకా తేలి ఉంది. పెంకు ముక్కలతో చేసిన మొహం, అక్కదీ చెల్లెలిదీ ఒకేలా ఉండే మొహం. చూసి ఎవరిదని చెప్పటం ఉయెన్ వల్ల కూడా కాలేదు. ఎదురుగా ఉన్న మనిషి కుడి ఎడమలు మనకెప్పుడూ తికమకే కాబట్టి, పలక పక్కన అదే దిక్కుకు తిరిగి నిలబడి, తన చెయ్యి ఎత్తి పోల్చుకుంది. రెండుసార్లు చూసుకుంది, మూడుసార్లు చూసుకుంది. లాంతరు ఎడమచేతిలోనే ఉంది. సందేహం లేదు, నత్తే.

లక్క కలిపింది. వెంట్రుకల కుంచె ముంచింది. అప్పుడు మళ్ళీ చెయ్యి ఆగింది.

"నత్తా," అంది. "అమ్మ మీద కోపం పెట్టుకోకు తల్లీ. చెల్లి చిన్నది. నువ్వు పోయినప్పుడు నేనేమీ చెయ్యలేకపోయాను, దీన్నన్నా ఉంచుకోనీ..."

మొదటి గీత కళ్ళ మీదుగా లాగింది. కుంచె కింద పెంకు కదిలినట్టయింది. తడి కదా, అంతే అనుకుంది. రెండో గీత. నోటి మీద. కింది అంతస్తులో రొయ్య ఒక్కసారి గట్టిగా కేక పెట్టింది.

"అమ్మా, వద్దూ..."

ఉయెన్ పళ్ళు బిగించి పూస్తూనే ఉంది. గడ్డం, మెడ, లాంతరు, చివరగా ఆ వేళ్ళు. కేక సగంలో ఆగిపోయింది. పలక నిండా నల్లటి మెరుపు తప్ప ఏమీ మిగల్లేదు. పలకను తీసుకెళ్ళి లక్క ఆరబెట్టే తేమ పెట్టెలో, తడి గోనెల మధ్య పెట్టి తలుపు మూసి, మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తింది.

రొయ్య మంచం మీద లేచి కూర్చుని ఉంది. బుగ్గలకు రంగు వచ్చింది. ఉయెన్ దాని అరచేయి లాక్కుని చూసింది. గీతలున్నాయి. వేలికొనల మీద చుట్లున్నాయి. ఆ చేతిని మొహానికి ఆనించుకుని, నేల మీద కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఆకలేస్తోందమ్మా" అంది పిల్ల.

అత్తగారు పరుగున జావ తెచ్చింది. "చెప్పానా, అల్లం జావ తాగితే లేచి కూర్చుంటుందని. వాళ్ళ ఆసుపత్రులూ వాళ్ళ పళ్ళరసాలూ. తిను తల్లీ, తిను. ఎంత బక్కచిక్కిపోయిందో నా వికారపు రొయ్య."

పిల్ల ఆవురావురుమని తింటోంది. ఉయెన్ తలుపు దగ్గర నిలబడి, గిన్నె అడుగు కనపడేదాకా కళ్ళారా చూసింది. ఇన్నాళ్ళకు దేవుడు తన మొర విన్నాడనుకుంది. అత్తగారు అలవాటు కొద్దీ చెయ్యి చాపి, మనవరాలి చేతిలోంచి చెంచా తీసి రెండో చేతిలో పెట్టింది. పెట్టాక, తను చేసిన పని తనకే వింతగా తోచి ఆగిపోయింది. ఏడేళ్ళుగా ఆమెకు ఆ పని పడలేదు.

పిల్ల నవ్వి, చెంచాను మళ్ళీ ఎడమచేతిలోకి మార్చుకుంది.

"నీరసానికి చేతులు తిమ్మిరెక్కి ఉంటాయి" అంది అత్తగారు, ఎవరూ అడగకుండానే.

ఉయెన్ పైకి వెళ్ళింది. ట్యాబ్ తీసింది. వేళ్ళకు లక్క అంటుకుని ఉంది, తెర మీద నల్లటి మరకలు పడుతున్నాయి. రొయ్య బొమ్మ తెరిచింది.

తెర మీద లాంతరు ఎడమచేతిలో ఉంది.

పైన, మూలన, బొమ్మను తిప్పి చూసే మీట వెలిగి ఉంది. శరదృతువులో ఆ రోజు నొక్కింది. ఫోన్ వచ్చింది. మళ్ళీ నొక్కలేదు. తిరగబడ్డ బొమ్మనే అచ్చు తీయించింది, తిరగబడ్డ బొమ్మనే పలక మీదకు దించింది. గరుకు కాగితం లోతుకు దిగనే లేదు. మూడు రోజులు తను రుద్దిందీ, ఏడుస్తూ నత్తే అనుకున్నదీ, ఇందాక కళ్ళ మీదుగా నల్లగా కుంచె లాగిందీ...

ఉయెన్ నోట్లో చెయ్యి కుక్కుకుంది.

తేమ పెట్టె తలుపు లాగింది. పలక అలాగే ఉంది. నల్లగా, తడిగా, నిండుగా. తడి లక్కను రుద్దితే చెదిరిపోతుందని తెలుసు. ఆరేదాకా ఒక రోజు ఆగాలని తెలుసు. పూత పడ్డాక మార్చలేవని మాస్టారు చెప్పిందీ తెలుసు. అయినా గరుకు కాగితం చేతిలోకి తీసుకుంది. అప్పుడు వినపడింది.

స్ర్ర్... స్ర్ర్...

తన చెయ్యి కదలటం లేదు. చప్పుడు పలక లోపలి నుంచి వస్తోంది. చాలా నెమ్మదిగా, అలవాటు లేని చిన్న చెయ్యి రుద్దుతున్నట్టు. నలుపు మధ్యలో ఒకచోట మెరుపు పోయి మసకబడుతోంది. అది గుప్పెడంత ఉంది.

"వస్తున్నా... రొయ్యా... అమ్మ వస్తోందే..."

వెనక మెట్ల మీద అడుగులు. గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది. మూతికి జావ అంటుకుని ఉంది. లోపలికి వచ్చి, తల్లి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, గరుకు కాగితం తన ఎడమచేతిలోకి తీసుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఏడేళ్ళు కలలో పట్టుకున్న చెయ్యి. వదిలించుకోవాలని ఉయెన్‌కు ఎంతగా ఉందో, వదలకుండా పట్టుకోవాలనీ అంతగానే ఉంది. 

"అక్కడ చాలా చీకటిగా ఉంటుందమ్మా" అంది పిల్ల. "మళ్ళీ నన్ను మూసెయ్యవుగా?"

ఉయెన్ తల అడ్డంగా ఊపిందో, నిలువుగా ఊపిందో ఆమెకే తెలియదు. పిల్ల తేమ పెట్టె తలుపు మెల్లగా మూసి, ఆమె చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది.

గుమ్మం దాటుతూ ఉయెన్ వెనక్కి చూసింది. బల్ల పక్కన బేసినులో పొద్దున తను పట్టి పెట్టిన నీళ్ళున్నాయి. ఈరోజు తను గరుకు కాగితాన్ని ఆ నీళ్ళలో ఒక్కసారి కూడా ముంచలేదు. నీళ్ళు అంచుదాకా నల్లబడి ఉన్నాయి. ఇంకా మెల్లగా కదులుతున్నాయి.